రోజుకు రెండు ముక్కలు

ఆ వానాకాలంలో ఆరు వారాలపాటు, నా కూతురి ఒంటికి పడనిదాన్ని నా చేత్తో నేనే చేసి, నా చేత్తో నేనే తినిపించాను. పొద్దున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క. డాక్టరమ్మ చెప్పింది కాబట్టి తినిపించానని బయట చెప్పుకుంటాను. అంతదాకా తెచ్చింది మాత్రం నా నోరే. ఆ సంగతి మా ఇంట్లో నలుగురికీ తెలుసు.

మాది బేకరీ. కింద కొట్టు, దాని వెనక పొయ్యి గది, పైన రెండు గదుల ఇల్లు. నేను, మా ఆవిడ, మా అమ్మ, ఒక్కగానొక్క కూతురు. పుట్టినప్పుడు అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నులా బొద్దుగా ఉండేది కాబట్టి అందరం దాన్ని బన్ను అనే పిలిచాం. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆ పేరుతో పిలవాలంటే నాకు నోరు రాకుండా పోయింది. చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బి ముందుకొచ్చింది. రెండేళ్ళ కిందట కుట్టించిన గౌను ఇంకా సరిగ్గా సరిపోయేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు, నోటినిండా పుళ్ళు. బలం రావాలని మా అమ్మ బ్రెడ్డు పాలలో నానబెట్టి పెట్టేది. పిల్ల నీరసపడేకొద్దీ మేం ఇంకో ముక్క వేసేవాళ్ళం.

మా తోడల్లుడు జిమ్ము నడుపుతాడు. ఆయన ఏ ఏడాది ఏది మానేస్తే లోకమంతా ఆ ఏడాది అదే మానెయ్యాలి. ఒక ఏడు ఉప్పు, ఒక ఏడు పాలు. ఆ వేసవిలో గోధుమల వంతు వచ్చింది. మోకాళ్ళ నొప్పి, జుట్టు రాలడం, బద్ధకం, పిల్లల మొండితనం, అన్నీ గోధుమలో ఉండే గ్లూటెన్ వల్లేనని నా కొట్టులో నిలబడి, నా గిరాకీ వినేలా చెప్పాడు. నీకు నోరు ఊరుకోకపోవడం కూడా దానివల్లేనా అని అడిగి పంపించేశాను. నాకు నవ్వులాటైంది. మా ఆవిడకి కాలేదు. నాకు చెప్పకుండా మర్నాటినుంచే పిల్లకి బ్రెడ్డు మానిపించి మూడు పూటలా అన్నమే పెట్టడం మొదలుపెట్టింది.

మూడు వారాల్లో పిల్ల కడుపు నెమ్మదించింది. మధ్యలో కూలబడకుండా మెట్లెక్కి పైకొచ్చింది. అప్పుడు మా ఆవిడ నాకు విషయం చెప్పింది. ఏ తండ్రైనా సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. బేకరీవాడి కూతురు బేకరీవాడి బ్రెడ్డు ముట్టదని వీధిలో తెలిస్తే ఇంకెవరు కొంటారు? ఈ సంగతి బయటికి పొక్కకూడదని గట్టిగా చెప్పాను. అంతటితో ఆగలేదు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎవరైనా అడిగితే మా నాన్న చేసిన బ్రెడ్డే తింటానని చెప్పమ్మా, ఎవరికీ తెలీదులే అని నేర్పించాను. అది బుద్ధిగా తలూపింది.

కడుపు నెమ్మదించింది గానీ ఒంట్లోకి రక్తం రాలేదు, ఎత్తు ఎదగలేదు. మూడు నెలలు గడిచాక, వానలు మొదలయ్యే రోజుల్లో, బడిలో వరసలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. పిల్లల కడుపు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె పిల్లని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది, గోళ్ళు చూసింది, నోరు తెరిపించి చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"బ్రెడ్డు, బిస్కెట్లు, గోధుమ రొట్టెలు రోజూ తింటుందా?"

తలుపు దగ్గర నిలబడ్డ నర్సు రోజూ మా కొట్టుకొచ్చే మనిషి. ఒక పెద్ద బ్రెడ్డు, నాలుగు బన్నులు ఆమె లెక్క. నన్ను గుర్తుపట్టి నవ్వుతోంది.

"బేకరీవాళ్ళ పిల్లండీ. బ్రెడ్డు తినకుండా ఎలా ఉంటుంది?" అన్నాను.

మా ఆవిడ నావైపు చూసింది. పిల్ల కూడా చూసింది. డాక్టరమ్మ ఏదో రాసుకుని, గోధుమ పడదేమో చూడటానికి రక్తపరీక్ష చేయించింది. నాలుగు రోజులకి కాగితం వచ్చింది, అందులో ఏ దోషమూ లేదు. గోధుమ కాదు, ఇంకేదో ఉంది, వెతకాలి అంది. వెతికారు. రెండు వారాలపాటు పిల్ల చేతుల్లో సూది గుచ్చడానికి చోటు మిగల్లేదు. ప్రతి పరీక్షకీ ఒక కొత్త పేరు, ప్రతి పేరూ ముందుదానికంటే భయంకరం. ఆఖరికి ఒకరోజు ఆమె గొంతు తగ్గించి, పేగుల్లో పెద్ద జబ్బేదైనా ఉందేమో చూడాల్సి వస్తుంది, మీరు ధైర్యంగా ఉండాలి అంది.

మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. నావైపు చూడలేదు.

"మూడు నెలలుగా పిల్ల గోధుమ ముట్టలేదు డాక్టరుగారూ. ఆ రోజు ఈయన అబద్ధం చెప్పారు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చదువు రానివాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. గోధుమ పడని జబ్బొకటి ఉందట. ఆ జబ్బున్నవాళ్ళు గోధుమ తింటే ఒళ్ళు దానిమీద యుద్ధానికి దిగి, తన పేగునే తను పాడుచేసుకుంటుందట. రక్తపరీక్షలో కనిపించేవి ఆ యుద్ధం తాలూకు గుర్తులేనట. నెలల తరబడి గోధుమ లోపలికి వెళ్ళకపోతే ఆ గుర్తులు చెరిగిపోతాయట. ముందు పరీక్ష చేయించి తర్వాత మానిపించాలి, మీరు తలకిందులు చేశారు అంది. మా పొయ్యి గదిలో ఎగిరే పిండి మాత్రం పిల్లని పూర్తిగా కోలుకోనిచ్చి ఉండదని కూడా అంది.

అయితే మా తోడల్లుడు మానేసినట్టే ఇకమీదట పిల్లకి గోధుమ పూర్తిగా మానిపించేస్తామండీ, పరీక్షలొద్దు, ఏమీ వద్దు అన్నాను.

"మీ తోడల్లుడిలాంటివాళ్ళు మానినా, తిన్నా పెద్ద తేడా ఉండదు," అంది ఆమె. "చాలామందికి గోధుమ ఏ హానీ చెయ్యదు. ఈ పిల్లకి ఈ జబ్బే ఉంటే మాత్రం గోరంత పిండి కూడా పడకూడదు, బతికినన్నాళ్ళూ. ఉందో లేదో తెలియకుండా అంత కట్టడి పెడతారా? ఉండి కూడా తెలియకపోతే, ఏదో ఒకనాడు ఒక్క ముక్కకి ఏమవుతుందిలే అనుకుంటారు. అది కాకపోతే నేను ఇంకోటి వెతకాలి. నాకు తెలియాలి."

తెలియాలంటే ఆరు వారాలు పిల్లకి మళ్ళీ గోధుమ పెట్టాలి. రోజుకి రెండు ముక్కలు చాలు. వారం వారం తెచ్చి చూపించాలి. తట్టుకోలేకపోతే ఆపేసి వెంటనే రావాలి.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీ మీద వాన జడి. బన్ను మా ఇద్దరి మధ్యా కూర్చుని, నేనేం తప్పు చెయ్యలేదు కదా, మళ్ళీ ఎందుకు తినాలి అని అడిగింది. నేను కిటికీవైపు తిరిగాను. మా ఆవిడ దానికి ఉన్నదున్నట్టు చెప్పింది. నాన్న డాక్టరుగారికి తప్పు చెప్పాడు, అందుకని పరీక్ష మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి అంది. అందులో ఒక్క మాటైనా ఎక్కువ లేదు, తక్కువ లేదు.

పిండి సంచీ కాగితం ఒకటి చింపి దాని వెనక బన్ను గళ్ళు గీసింది. ఆరు వారాలకి ఎనభై నాలుగు గళ్ళు. పొయ్యి గది మెట్ల దగ్గర గోడకి అంటించి, ముక్క తిన్నప్పుడల్లా ఒక గడి కొట్టేసేది.

మొదటి వారం అన్నిటికన్నా ఘోరం, ఎందుకంటే అది ఇష్టంగా తింది. మూడు నెలలు వాసన పీలుస్తూ నోరు కట్టుకున్న పిల్ల. ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. బాగుంది నాన్నా, అనేది. ముప్పై ఏళ్ళుగా నా బ్రెడ్డు బాగుందని వినడానికే నేను పొద్దున్నే లేస్తున్నాను.

వానాకాలంలో పిండి చెమ్మ పీలుస్తుంది, నీళ్ళు తగ్గించి కలపాలి. ముద్ద కుదిరిందో లేదో తెలియడానికి నేను చిన్న ఉండ తీసి రెండు చేతులా సాగదీస్తాను. చిరగకుండా పల్చటి పొరలా సాగి, అవతలి వెలుతురు కనిపిస్తే కుదిరినట్టు. మా నాన్న నేర్పిన విద్య అది ఒక్కటే. సాగే ఆ గుణమే గ్లూటెన్ అని డాక్టరమ్మ చెప్పాక, ప్రతి పొద్దునా ఆ పొరలోంచి వెలుతురు కనిపించగానే ఉండని ముద్దలోకి నొక్కేసేవాణ్ణి. ముద్ద ఎంత బాగా కుదిరితే నా పిల్లకి అంత చేటు.

రెండో వారంలో కడుపు ఉబ్బింది. మూడో వారంలో బడి మానేసింది. మరుగుదొడ్డి బయట మా అమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడేది, లోపల పిల్ల మూలుగుతుండేది. నువ్వొక తండ్రివేనా అని మా అమ్మ నన్ను అడిగింది, ఒకసారి కాదు, రోజూ. ఒకనాడు పిల్ల కోసం తీసిపెట్టిన ముక్కని బయట బురదలోకి విసిరేసింది. నేను కొట్టులోకి వెళ్ళి ఇంకో ముక్క కోసుకొచ్చాను. నా చేతిలోది చూసి ఆవిడ తలుపు దగ్గరే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మా ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు, నాతో మాట్లాడటమే మానేసింది. కొట్టులో గిరాకీ ఉంటే రెండు పెద్దవి, ఆరు చిన్నవి అని లోపలికి కేకేసేది, అంతే మా సంసారం. నేను ఒంటరిగా పొయ్యి ముందు కూర్చుని, ఆ నర్సు నవ్వుకి భయపడ్డ ఒక్క క్షణాన్ని తలుచుకుని నుదురు కొట్టుకునేవాణ్ణి. ఆ క్షణం వెనక్కొస్తే ఈ పొయ్యిని నా చేత్తో పగలగొట్టడానికి కూడా సిద్ధమే.

నోటి పుళ్ళు మళ్ళీ లేచాయి. అంచులు కోసేసి మెత్తటి మధ్యభాగమే పెట్టేవాణ్ణి. బన్ను ఒక్కో కొరుకూ ఒక పక్క దవడకి తోసుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా నమిలేది. మారాం మాత్రం చెయ్యలేదు. ఇంకెన్ని గళ్ళున్నాయి అని అడిగేది. నాలుగో వారం చివర డాక్టరమ్మ బరువు చూసి పెదవి విరిచింది. ఇప్పుడు ఆపినా పరీక్ష చెయ్యొచ్చు, ఆరు వారాలూ నిండితే మాత్రం తేలిగ్గా తేలుతుంది, పిల్ల తట్టుకోగలిగితే చూడండి అంది. నిర్ణయం మా మీద పెట్టింది. మా ఆవిడ నావైపు తిరిగి నెల రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడింది. ఇంత తిని ఇప్పుడు మళ్ళీ ఏమీ తేలకపోతే అది చచ్చిపోతుందండీ, నిండనివ్వండి అంది.

ఐదో వారంలో ఒకరోజు పొద్దుటి ముక్క తిన్న కాసేపటికే వాంతయింది. మధ్యాహ్నం పైకెళ్ళి చూస్తే, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నావల్ల కాలేదు. వంటింట్లోంచి బియ్యప్పిండి డబ్బా తీసుకుని కిందికి దిగాను.

గుడ్లు, నూనె, పాలు పోసి కలిపాను. అది ముద్ద కాదు, అడుసు. సాగదీయబోతే వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది. ఎప్పుడూ వాడని కొత్త రేకు డబ్బాలో పోసి, పైన రంగు రావడానికి పంచదార నీళ్ళు రాసి, పొయ్యి అంతా తుడిచి పెట్టాను. రెండుసార్లు విరిగిపోయింది. మూడోసారి, చూడటానికి అచ్చం నా బ్రెడ్డులాగే వచ్చింది. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ చెయ్యలేదు. మిగిలిన గళ్ళన్నీ దీంతోనే నింపుతాను, తిందని డాక్టరమ్మకి చెబుతాను, తర్వాత ఏదైతే అదవుతుంది అనుకున్నాను. పరీక్ష మళ్ళీ ఏమీ చూపించకపోతే ఎలాగన్న ఆలోచన రాలేదని అంటే అది ఇంకో అబద్ధం. వచ్చింది. దాన్ని పక్కకి నెట్టాను.

ముక్క కోసి పళ్ళెంలో పెట్టుకుని పైకెళ్ళాను. బన్ను లేచి కూర్చుని ఒక్క కొరుకు కొరికింది. నమలడం ఆపింది.

"ఇది నీ బ్రెడ్డు కాదు," అంది.

నాదేనమ్మా అన్నాను. అది ముక్కని వేళ్ళతో విరిచింది. పొడిపొడిగా దుప్పటి మీద రాలింది.

"నీది లాగితే సాగుతుంది నాన్నా."

నేను మంచం పక్కన నేలమీద కూర్చుండిపోయాను. ఇది తిను తల్లీ, దీంతో నొప్పి రాదు, గడి కొట్టేసుకో, ఎవరికీ తెలీదు అన్నాను. బన్ను చాలాసేపు ఆ ముక్కవైపే చూసింది. దానికి అది తినాలనే ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది.

"అప్పుడు కూడా ఎవరికీ తెలీదనే చెప్పావు కదా," అంది. నన్ను నిలదీసినట్టు అనలేదు, గుర్తుచేసినట్టు అంది. "మళ్ళీ మొదట్నించీ తినమంటారు. నావల్ల కాదు నాన్నా. నీది తీసుకురా. చిన్న ముక్క తీసుకురా."

కిందికెళ్ళి నాది తెచ్చాను. చిన్నదే తెచ్చాను. అది తింటున్నంతసేపూ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చున్నాను. తిన్నాక నా భుజం పట్టుకుని మెట్లు దిగి, గోడ మీద గడి కొట్టేసింది. మళ్ళీ పైకెక్కలేకపోతే ఎత్తుకుని తీసుకెళ్ళాను. తొమ్మిదేళ్ళ పిల్ల నా చేతుల్లో పిండి సంచీలో సగం బరువు కూడా లేదు.

ఎనభై నాలుగో గడి కొట్టేసిన మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాం. తలుపు దగ్గర ఆ నర్సే ఉంది. ఆరు వారాలూ తిందా అని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోగా, మిమ్మల్ని కాదు అన్నట్టు చెయ్యి చూపించి పిల్లవైపు తిరిగింది. బన్ను మడిచి తెచ్చుకున్న కాగితం తీసి బల్లమీద పరిచింది. అన్ని గళ్ళూ కొట్టేసి ఉన్నాయి. ఒక గడి చుట్టూ మాత్రం సున్నా చుట్టి ఉంది. అదేమిటని డాక్టరమ్మ అడిగింది.

"ఆ రోజు నాన్న బియ్యప్పిండితో వేరే బ్రెడ్డు చేశాడు. ఒక్క కొరుకు తిన్నా. తర్వాత అసలుది తిన్నా. అందుకని గీతా, సున్నా రెండూ వేశా."

నర్సు కూడా విన్నది. నేను తల దించుకోలేదు. దించుకునే అర్హత కూడా లేదనిపించింది. డాక్టరమ్మ ఆ కాగితాన్ని మడిచి, పిల్లకి తిరిగివ్వకుండా తన ఫైలులో పెట్టుకుంది.

రక్తపరీక్ష చేశారు, మత్తిచ్చి నోట్లోంచి గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. ఈసారి అనుమానానికి తావు లేదు. పేగు లోపల ముఖమల్ గుడ్డలా ఉండాల్సిన నూగు అంతా అరిగి నున్నగా అయిపోయిందట. గోధుమ పూర్తిగా మానేస్తే మళ్ళీ మొలుస్తుందట, నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు. బతికినన్నాళ్ళూ మానెయ్యాలి. పిండి ఎగిరే ఇంట్లో ఉండకూడదు.

మర్నాడు నర్సు కొట్టుకొచ్చింది. ఒక పెద్దది, నాలుగు చిన్నవి. పిల్ల ఎలా ఉందని అడిగింది. మా పిల్ల మా బ్రెడ్డు తినదండీ, తినకూడదు అని అందరి ముందూ చెప్పాను. అయ్యో పాపం, జాగ్రత్తగా చూసుకోండి అని పొట్లాలు తీసుకుని వెళ్ళిపోయింది. వెనక నిలబడ్డవాళ్ళు వాళ్ళకి కావలసినవి అడిగారు. ఒక్కరూ కొనడం మానలేదు. నేను దేనికి భయపడి నా పిల్లని అంత ఏడిపించానో అది అసలు లేనేలేదు. ఆ పూట పొయ్యి గదిలో తలుపేసుకుని ఏడ్చినంత నేను మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

రెండు వీధుల అవతల చిన్న ఇల్లు తీసుకున్నాం. మా ఆవిడ కొట్టులోకి రావడం మానేసింది. పని అయ్యాక కొట్టు వెనక కుళాయి దగ్గర తలారా స్నానం చేసి, బట్టలు మార్చుకుని నేనొక్కణ్ణే అక్కణ్ణించి ఇంటికి నడిచి వెళ్ళేవాణ్ణి. వానలు తగ్గుముఖం పట్టాయి. వీధిలో నీళ్ళు ఇంకుతున్నాయి. బన్ను గుమ్మంలో నిలబడి ఎదురుచూసేది. గోధుమ మాని అన్నమే తినడం మొదలుపెట్టి నెల రోజులైంది, బుగ్గలు ఇంకా రాలేదు, కళ్ళలోకి మాత్రం కొంచెం తేట వచ్చింది.

మొదట్లో ఒకరోజు అలసిపోయి ఉన్నాను, వాన మళ్ళీ వచ్చేలా ఉంటే కుళాయి దగ్గర తొందరపడ్డాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బన్ను చేతులు చాచి, మీదికి దూకబోయి ఆగింది.

"బాగా కడుక్కున్నావా నాన్నా?"

నా చేతులు చూసుకున్నాను. కుడిచేతి బొటనవేలి గోరు సందులో సన్నటి తెల్ల పిండి గీత. ముడుచుకుంటే కనిపించదు.

"లేదమ్మా," అన్నాను. వెనక్కి తిరిగి కొట్టు వెనక కుళాయి దాకా నడిచాను.